హెల్సింకీ నుంచి టోక్యో: దూరం అదే, టైమ్ మాత్రం మూడున్నర గంటలు ఎందుకు పెరిగింది?

ఈసారి ఎపిసోడ్ మా పిన్ని ఫోన్ కాల్‌తో మొదలుపెడతాను. అసలు ఈ టాపిక్ ఆవిడ వల్లే వచ్చింది.

2024 జనవరి. రాత్రి తొమ్మిది అయింది. అన్నం ముందు కూర్చున్నాను, ఫోన్ మోగింది. "ఒరేయ్ నాన్నా, తమ్ముడు ఎక్కిన విమానం దారి తప్పిందిరా" అంటోంది పిన్ని. గొంతులో వణుకు. మా పిన్ని కొడుకు ఫిన్లాండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ఆఫీసు పని మీద జపాన్ వెళ్ళి, ఆ రోజు సాయంత్రం మన టైమ్ ఆరున్నరకి టోక్యోలో విమానం ఎక్కి హెల్సింకీకి తిరిగి వస్తున్నాడు. పిన్నికి వాడే ఒక ఫ్లైట్ ట్రాకర్ యాప్ వేసిచ్చాడు. ఆవిడ రాజమండ్రిలో కూర్చుని, ఆ పసుపు రంగు విమానం బొమ్మని కళ్ళార్పకుండా చూస్తోంది.

"జపాన్‌కి ఫిన్లాండ్ ఎటు?" అంది. పడమర అన్నాను. "మరి ఇది తూర్పుకి పోతోందేంట్రా? అమెరికా వైపు పోతోంది!"

నేను కూడా యాప్ తెరిచాను. నిజమే. విమానం జపాన్ వదిలి, ఈశాన్యంగా, పసిఫిక్ సముద్రం మీదుగా అలాస్కా వైపు వెళ్తోంది. మ్యాప్‌లో ఫిన్లాండ్ ఎడమ పక్కన ఉంటే బొమ్మ కుడి పక్కకి జరుగుతోంది. ఇంకో విషయం కూడా పిన్ని కనిపెట్టేసింది. "2019లో వెళ్ళినప్పుడు తొమ్మిదిన్నర గంటలే అన్నాడు. ఇప్పుడు పదమూడు చూపిస్తోంది. అదే ఊరు, అదే కంపెనీ విమానం. ఈ మూడున్నర గంటలు ఎక్కడ పోయినట్టు?"

దారి తప్పలేదు పిన్నీ, కావాలనే అలా వెళ్తోంది అని సర్దిచెప్పాను. కానీ ఆ "ఎక్కడ పోయినట్టు" అన్న ప్రశ్నకి నా దగ్గర సరైన జవాబు లేదు. తర్వాత వెతుక్కుంటూ పోతే డెబ్బై ఏళ్ళ చరిత్ర బయటపడింది. అందులో నిజంగానే దారి తప్పిన విమానాలు కూడా ఉన్నాయి.

ముందు దూరం సంగతి చూద్దాం. మీ ఫోన్‌లో రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే కిలోమీటర్లు వచ్చేస్తాయి కదా. హెల్సింకీ, టోక్యో దగ్గరున్న నరీతా కొట్టి చూడండి. సుమారు 7,830 కిలోమీటర్లు. మనకి తెలిసిన లెక్కలో చెప్పాలంటే హైదరాబాద్ నుంచి లండన్ ఎంతో ఇదీ దాదాపు అంతే. అది 7,750 దగ్గర ఉంటుంది.

ఈ నంబర్ ఎలా వచ్చింది? ఇంట్లో బత్తాయి ఉంటే తీసుకోండి. పెన్నుతో రెండు చుక్కలు పెట్టండి, కాస్త పైభాగంలో, ఒకదానికొకటి దూరంగా. రెండింటి మధ్య దారం బిగించి లాగండి. దారం అడ్డంగా పక్కకి పోదు, పైకి ఎక్కి దిగుతుంది. గుండ్రటి వస్తువు మీద అతి దగ్గర దారి అలాగే ఉంటుంది. హెల్సింకీ-టోక్యో దారం ఉత్తరంగా దాదాపు 67 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, అక్కడి నుంచి కిందకి దిగుతుంది. యాప్‌లో చూపించే దూరం ఈ దారం పొడవు. జెట్ విమానం గంటకి సుమారు 900 కిలోమీటర్లు పోతుంది కాబట్టి, ఎక్కడం దిగడం కలుపుకుంటే తొమ్మిది, తొమ్మిదిన్నర గంటలు. గాలి లెక్క కూడా ఉందనుకోండి. పైన పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. దాన్ని 1920లలోనే బెలూన్లు ఎగరేసి కొలిచి రాసినాయన వాసాబురో ఓయిషి అనే జపాన్ శాస్త్రవేత్త. పాపం ఆయన ఆ రిపోర్టుని ఎస్పెరాంటో భాషలో వేశాడు, ప్రపంచంలో ఎవరూ పెద్దగా చదవలేదు. సరే, అది ఇంకో ఎపిసోడ్.

అసలు సమస్య ఏంటంటే, ఆ దారం చివర్లు ఫిన్లాండ్‌లో, జపాన్‌లో ఉన్నాయి గానీ మధ్యలో ఉన్నది దాదాపు అంతా రష్యా. సైబీరియా. హెల్సింకీలో లేచిన కాసేపటికి రష్యా మొదలైతే, జపాన్ సముద్రం వచ్చేదాకా దాదాపు అదే దేశం. యాప్‌కి ఆ సంగతి తెలియదు, అది దారం పొడవు చెప్పి ఊరుకుంటుంది.

1950లకి వెళ్దాం. అప్పుడు సోవియట్ యూనియన్. పైన ఎగరడానికి పశ్చిమ దేశాల విమానాలకి పర్మిషన్ లేదు. యూరప్ నుంచి టోక్యో పోవాలంటే దక్షిణంగా దిగి, మధ్యప్రాచ్యం, కరాచీ, కలకత్తా, బ్యాంకాక్ ఇలా ఆగుతూ పోవాలి. యాభై గంటల పైన పట్టేది. స్కాండినేవియా దేశాల ఎస్‌ఏఎస్ కంపెనీ వాళ్ళు అందరూ కిందకి దిగుతుంటే మనం పైకి ఎక్కుదాం అనుకున్నారు. 1957 ఫిబ్రవరి 24న కోపెన్‌హేగన్ నుంచి ఉత్తర ధ్రువం మీదుగా అలాస్కాలోని యాంకరేజ్, అక్కడ పెట్రోల్ పోయించుకుని టోక్యో. ముప్పై గంటల చిల్లరకి వచ్చేసింది ప్రయాణం. అప్పటికింకా జెట్ కాదు, రెక్కల మీద ఫ్యాన్లు తిరిగే డీసీ-7సీ విమానం.

చెప్పినంత తేలిక కాదది. ధ్రువం దగ్గర దిక్సూచి పనిచేయదు. అయస్కాంత ధ్రువం దగ్గరకి వచ్చేసరికి ముల్లు ఎటు చూపించాలో తెలియక ఊగుతూ ఉంటుంది. పోనీ మ్యాప్ చూసి పోదామా అంటే, అక్కడ రేఖాంశాలన్నీ ఒక్క చుక్క దగ్గర కలిసిపోతాయి. ధ్రువం మీద నిలబడితే ఎటు చూసినా దక్షిణమే కదా. అందుకని వాళ్ళు మ్యాప్ మీద గళ్ళ నోటుబుక్కులా చదరాలు గీసుకుని, గిర్రున తిరిగే జైరో యంత్రం చూపించే దిక్కుని పట్టుకుని, నక్షత్రాలు చూసి సరిచేసుకుంటూ పోయేవాళ్ళు. ధ్రువం దాటిన ప్రయాణికులకి ఎస్‌ఏఎస్ వాళ్ళు సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు. ఈ సర్టిఫికెట్ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

తర్వాత జెట్లు వచ్చాయి. జపాన్ ఎయిర్ లైన్స్ 1961లో ఇదే దారి పట్టింది, మిగతా యూరప్ కంపెనీలూ వరస కట్టాయి. యాంకరేజ్ అనే చిన్న ఊరు మన విజయవాడ జంక్షన్ లాగా అయిపోయింది. ఎవరు ఎటు పోయినా అక్కడ ఆగాల్సిందే. తెల్లవారుజామున నిద్రమొహాలతో దిగిన జపాన్ వాళ్ళ కోసం ఎయిర్‌పోర్టులో ఊడాన్ నూడుల్స్ కొట్టు ఉండేది. అద్దాల పెట్టెలో ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ, నిజమైన ఎలుగుబంటి చర్మంతో చేసింది, దాని పక్కన ఫోటో దిగనివాళ్ళు లేరట. ఒక తరం జపాన్ వాళ్ళకి "యూరప్ ట్రిప్" అంటే ఈఫిల్ టవర్ కంటే ముందు యాంకరేజ్ నూడుల్సే గుర్తొస్తాయి.

సైబీరియా తలుపు కూడా మెల్లగా కొంచెం తెరుచుకుంది. 1967లో టోక్యో-మాస్కో సర్వీసు మొదలైంది. విమానం సోవియట్ కంపెనీ ఏరోఫ్లోట్‌ది, దాని మీద జపాన్ ఎయిర్ లైన్స్ పేరు కూడా రాయించుకున్నారు. 1970లో జపాన్ వాళ్ళు సొంత విమానాలతో పోవడానికి ఒప్పుకున్నారు. కానీ మాస్కోలో దిగాలి, డబ్బు కట్టాలి. తర్వాత తర్వాత ఈ డబ్బు పెద్ద వ్యవహారం అయింది. మా నేల మీద ఎగురుతున్నారు కాబట్టి మా కంపెనీకి ఇంత ముట్టచెప్పండి అని. టోల్ గేట్ ఆకాశంలో పెట్టారన్నమాట. సోవియట్ యూనియన్ పోయాక కూడా ఈ టోల్ పోలేదు.

ఇప్పుడు దారి తప్పిన విమానాల దగ్గరకి వస్తున్నాను.

1978 ఏప్రిల్ 20. కొరియన్ ఎయిర్ లైన్స్ 902, ప్యారిస్ నుంచి యాంకరేజ్ మీదుగా సియోల్ పోవాలి. ఆ బోయింగ్ 707లో దిక్కు చూపించే ఏర్పాటు పాత పద్ధతిది. గ్రీన్‌లాండ్, కెనడా ఉత్తర కొస దాకా వెళ్ళాక విమానం గుండ్రంగా తిరిగి, అలాస్కా వైపు పోవాల్సింది కాస్తా సోవియట్ యూనియన్ వైపు వచ్చేసింది. మూర్మాన్స్క్ ప్రాంతం, సోవియట్ అణు జలాంతర్గాములు ఉండే చోటు. యుద్ధవిమానం వచ్చి కాల్చింది. రెక్క దెబ్బతింది. ఇద్దరు ప్రయాణికులు చనిపోయారు. పైలట్ ఎలాగో గడ్డకట్టిన ఒక చెరువు మీద దించాడు, మిగతా 107 మంది బతికారు. ప్రపంచం అయ్యో అంది, మర్చిపోయింది.

ఐదేళ్ళు గడిచాయి. 1983 ఏప్రిల్ 22న ఫిన్లాండ్ కంపెనీ ఫిన్‌ఎయిర్ ఒక కొత్త పని చేసింది. డీసీ-10 విమానంలో అదనపు ఇంధనం ట్యాంకు పెట్టించి, హెల్సింకీ నుంచి టోక్యోకి యాంకరేజ్‌లో కూడా ఆగకుండా ఎగిరింది. పశ్చిమ యూరప్ నుంచి జపాన్‌కి మొదటి నాన్‌స్టాప్ ఇదే. ఫిన్లాండ్ పరిస్థితి చూడండి. సోవియట్ యూనియన్ పక్కనే ఇల్లు, గోడ అవతలే సైబీరియా. అయినా ఆ ఇంట్లోంచి పోవడానికి లేదు. ఉత్తరంగా ధ్రువం దాకా ఎక్కి, అవతల బేరింగ్ జలసంధిలోంచి దిగి, సోవియట్ తీరానికి తగలకుండా పసిఫిక్ మీదుగా టోక్యో. పదమూడు గంటలు. పిన్ని యాప్‌లో చూసిన దారీ, ఆవిడ చదివిన టైమూ సరిగ్గా ఇవే.

ఫిన్‌ఎయిర్ ఈ దారి మొదలుపెట్టి నాలుగు నెలలు దాటిందో లేదో, దాని పసిఫిక్ భాగానికి దగ్గరలోనే ఆ ఘోరం జరిగింది.

1983 సెప్టెంబర్ 1. కొరియన్ ఎయిర్ లైన్స్ 007. న్యూయార్క్ నుంచి వచ్చి యాంకరేజ్‌లో ఇంధనం నింపుకుని సియోల్‌కి లేచింది. బోయింగ్ 747. ప్రయాణికులు, సిబ్బంది కలిపి 269 మంది. వాళ్ళు పోవాల్సిన దారి పేరు రోమియో 20, సోవియట్ గగనతలానికి అతి దగ్గరగా పోయేది అదే.

ఈసారి విమానంలో మంచి యంత్రాలే ఉన్నాయి. ఒకటి కాదు, మూడు. విమానం ఎక్కడుందో తనంతట తాను లెక్క కట్టుకునే పరికరాలు. ఆటోపైలట్‌కి ఒక నాబ్ ఉంటుంది. ఒక వైపు తిప్పితే "ఈ యంత్రాలు చెప్పినట్టు పో" అని, ఇంకో వైపు ఉంటే "నేను పెట్టిన దిక్కుకే సూటిగా పో" అని. పదేళ్ళ తర్వాత, 1993లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తేల్చింది ఏంటంటే, ఆటోపైలట్ ఆ రెండో పద్ధతిలోనే ఉండిపోయింది, లేదా అప్పటికే దారికి బాగా పక్కకి జరిగాక మొదటి దానికి తిప్పారు కాబట్టి అది పట్టుకోలేదు. ఏదైనా సరే, ఐదు గంటల పాటు కాక్‌పిట్‌లో ఎవరూ గమనించలేదు. విమానం నెమ్మదిగా కుడి పక్కకి జరుగుతూ పోయింది. మొదట కొన్ని కిలోమీటర్లు, తర్వాత పదులు, తర్వాత వందలు.

మధ్యలో హెచ్చరికలు రాలేదా అంటే వచ్చాయి. యాంకరేజ్‌తో రేడియోలో నేరుగా మాట్లాడటం కుదరక, వెనకాల వస్తున్న అదే కంపెనీ విమానం 015 ద్వారా కబురు పంపించుకున్నారు. అంటే అనుకున్న చోట వాళ్ళు లేరు. ఆ రెండు విమానాల పైలట్లు గాలి గురించి కూడా మాట్లాడుకున్నారు. ఒకే దారిలో వెళ్తున్నామనుకుంటున్న ఇద్దరికి గాలి వేరువేరుగా ఉంది. ఇది చదివినప్పుడు నేను కాసేపు ల్యాప్‌టాప్ మూసేశాను. అదేంటని ఒక్క ప్రశ్న, ఒక్కరు వేసుకుని ఉంటే చాలు. అర్ధరాత్రి, అలసట, రొటీన్. మనం రోజూ చేసే పని చేసినట్టే వాళ్ళూ చేశారు.

కమ్చాట్కా ద్వీపకల్పం మీదుగా పోయింది విమానం. ఆ రాత్రి అమెరికా గూఢచారి విమానం ఒకటి ఆ చుట్టుపక్కల తిరిగి వెళ్ళింది. సోవియట్ రాడార్ వాళ్ళకి ఇదీ అదే అనిపించింది. కమ్చాట్కా దాటి, సముద్రం దాటి, సఖాలిన్ ద్వీపం మీదకి వచ్చేసరికి సుఖోయ్-15 యుద్ధవిమానం వెనక చేరింది. పైలట్ గెన్నడీ ఓసిపోవిచ్. ఫిరంగితో హెచ్చరిక కాల్పులు కాల్చాడు గానీ అవి చీకట్లో మెరిసే రకం గుండ్లు కావు, ఎదుటివాళ్ళకి కనపడవు. సరిగ్గా అప్పుడే 747 సిబ్బంది టోక్యోని అడిగి ఇంకొంచెం ఎత్తుకి ఎక్కడం మొదలుపెట్టారు, ఇంధనం ఆదా కోసం మామూలుగా చేసేదే. ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది. సోవియట్ వాళ్ళకి అది తప్పించుకునే ఎత్తులా కనిపించింది. క్షిపణులు వదిలారు. 269 మందిలో ఒక్కరు కూడా మిగల్లేదు. అందులో అమెరికా కాంగ్రెస్ సభ్యుడు లారీ మెక్‌డొనాల్డ్ కూడా ఉన్నారు. చాలా ఏళ్ళ తర్వాత ఓసిపోవిచ్ ఇంటర్వ్యూల్లో ఒప్పుకున్నాడు, రెండు వరసల కిటికీలు కనిపించాయని, అది పౌర విమానమని తనకి తెలిసిందని.

సోవియట్ ప్రభుత్వం మొదట మాకేం తెలియదంది. కొన్ని రోజులకి అవును కూల్చాం అంది. బ్లాక్ బాక్సులు దొరికినా దొరకలేదని దాచింది. సోవియట్ యూనియన్ పోయాక 1992లో యెల్త్సిన్ వాటి సంగతి బయటపెట్టాడు. అవి విన్నాకే ఆ నాబ్ కథ అందరికీ తెలిసింది. తొమ్మిదేళ్ళ పాటు ఆ కుటుంబాలకి తమవాళ్ళ విమానం ఎందుకు అటు వెళ్ళిందో కూడా తెలియదు. గూఢచర్యం అన్నారు, కుట్ర అన్నారు, నోటికొచ్చిందల్లా అన్నారు.

ఇక్కడ మీ ఫోన్ కథలోకి వస్తుంది. "ఈ విమానం కూలినందుకే మనకి జీపీఎస్ వచ్చింది" అని రీల్స్‌లో చూసే ఉంటారు. అది సగమే నిజం. జీపీఎస్ ఉపగ్రహాలు 1978 నుంచే పైకి వెళ్తున్నాయి, మామూలు జనం వాడుకునే సిగ్నల్ ఆలోచన ముందే ఉంది. 1983 సెప్టెంబర్ 16న, అంటే ఘటన జరిగిన రెండు వారాలకి, రీగన్ ప్రభుత్వం ఒక మాట ఇచ్చింది. ఈ వ్యవస్థ పూర్తయ్యాక ప్రపంచంలో అన్ని పౌర విమానాలూ ఉచితంగా వాడుకోవచ్చని. ఇలాంటిది మళ్ళీ జరగకూడదని. అయినా చాలాకాలం పౌర సిగ్నల్‌ని కావాలని కొంచెం మసక చేసి ఇచ్చారు. ఆ మసక 2000 మే నెలలో తీసేశాక గానీ మీ ఫోన్‌లో నీలం చుక్క సరిగ్గా మీ వీధిలో నిలబడటం మొదలుపెట్టలేదు. స్విగ్గీ కుర్రాడు మీ గుమ్మం ముందు ఆగుతున్నాడంటే దాని వెనక ఈ కథ కూడా కొంత ఉంది.

చట్టం కూడా మారింది. దారి తప్పి వచ్చిన పౌర విమానం మీద ఆయుధం వాడకూడదని 1984లో అంతర్జాతీయ ఒప్పందంలో ఒక కొత్త అధికరణం చేర్చారు. చేర్చారు సరే, 2014లో ఉక్రెయిన్ మీద మలేషియా విమానం ఎంహెచ్17 కూలినప్పుడు 298 మంది పోయారు. కాగితం మీద రాసింది క్షిపణికి అడ్డుపడదు.

మళ్ళీ మన దారం దగ్గరకి. 80ల మధ్య నుంచి సైబీరియా మీదుగా నాన్‌స్టాప్ విమానాలు మొదలయ్యాయి. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక తలుపు బార్లా తెరుచుకుంది. యాంకరేజ్ ప్రయాణికుల రద్దీ పడిపోయింది. ఎలుగుబంటి పక్కన ఫోటోలు దిగేవాళ్ళు తగ్గిపోయారు. అదృష్టం ఎవరికి పట్టిందంటే ఫిన్లాండ్‌కి. ఇన్నాళ్ళూ శాపంగా ఉన్న ఆ పొరుగు ఒక్కసారిగా వరమైంది. పశ్చిమ యూరప్‌లో జపాన్‌కి అందరికంటే దగ్గర ఊళ్ళలో హెల్సింకీ ఒకటి. తొమ్మిదిన్నర గంటల్లో పోతుంది కాబట్టి ఒకే విమానం హెల్సింకీలో బయలుదేరి, టోక్యో వెళ్ళి, శుభ్రం చేయించుకుని, 24 గంటల్లో మళ్ళీ హెల్సింకీకి వచ్చేస్తుంది. మర్నాడు అదే టైమ్‌కి మళ్ళీ రెడీ. మన ఊళ్ళో షేర్ ఆటో ట్రిప్పుల లెక్క లాంటిదే. ట్రిప్పు ఒక గంట పెరిగితే రోజువారీ లెక్క తప్పుతుంది. ఐదున్నర లక్షల చిల్లర జనం ఉన్న దేశం కాదు, యాభై ఐదు లక్షల జనం ఉన్న దేశం అది, అయినా మన హైదరాబాద్ కంటే చిన్నదే. అలాంటి దేశం తన విమాన కంపెనీ భవిష్యత్తంతా ఆ ఒక్క దారం మీద కట్టుకుంది. మా తమ్ముడు 2019లో ఎక్కిన విమానం ఆ రోజులది.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదకి వెళ్ళింది. యూరోపియన్ యూనియన్ తన ఆకాశాన్ని రష్యా విమానాలకి మూసేసింది. ఫిబ్రవరి 28న రష్యా బదులుగా 36 దేశాలకి మూసేసింది. నాలుగు రోజుల్లో ముప్పై ఏళ్ళ లెక్క తలకిందులైపోయింది. ఫిన్‌ఎయిర్ ప్లానింగ్ వాళ్ళు పాత 1980ల దారిని మళ్ళీ బయటకి తీశారు. మార్చి 9న హెల్సింకీ-టోక్యో విమానం నార్వే, స్వాల్బార్డ్ దీవులు, ఉత్తర ధ్రువం, అలాస్కా, పసిఫిక్ మీదుగా వెళ్ళింది. సుమారు పదమూడు గంటలు. ఎయిర్‌పోర్టుల మధ్య దారం 7,830 కిలోమీటర్లే, ఎగిరింది మాత్రం 12, 13 వేల కిలోమీటర్ల మధ్య. దీనికి బదులు దక్షిణ దారి కూడా ఉంది, తుర్కియే, జార్జియా, అజర్‌బైజాన్, కజకిస్తాన్, చైనా మీదుగా. ఏ రోజు ఏ దారి అన్నది గాలిని బట్టి. తూర్పుకి వెళ్ళేటప్పుడు జెట్ స్ట్రీమ్ వెనక నుంచి తోస్తుంది కాబట్టి దక్షిణ దారి కలిసొస్తుంది, తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురొస్తుంది కాబట్టి ధ్రువం మీదుగా తప్పించుకుంటారు. పిన్నికి బొమ్మ అమెరికా వైపు పోతున్నట్టు కనిపించింది అందుకే.

ఇప్పటి విమానాలకి నక్షత్రాలు చూడాల్సిన పని లేదు గానీ, ధ్రువం దారి ఇప్పటికీ ఆషామాషీ కాదు. జెట్ ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది, కాబట్టి రెక్కల్లో ఇంధనం ఎంత చల్లబడుతోందో పైలట్ చూసుకుంటూ ఉండాలి. ఇంజిన్‌కి ఏదైనా అయితే దిగడానికి దగ్గరలో ఎయిర్‌పోర్టులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇదంతా వాళ్ళ గొడవ, మనకేంటి అనుకోకండి. రష్యా మన విమానాలకి ఆకాశం మూయలేదు. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళే ఎయిర్ ఇండియా విమానం రష్యా మీదుగానే పోతోంది, అమెరికా కంపెనీలకి ఆ వీలు లేదు. మన ఊళ్ళ నుంచి ఎంఎస్‌కి వెళ్ళే పిల్లలు, మనవల్ని చూడటానికి వెళ్ళే అమ్మానాన్నలు ఎంతమంది ఆ విమానం ఎక్కుతారో మీకు నేను చెప్పక్కర్లేదు. 2023 జూన్ 6న ఆ విమానం ఇంజిన్‌లో సమస్య వచ్చి రష్యా తూర్పు కొసలో మగదాన్ అనే ఊళ్ళో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. అంతమందికి సరిపడా హోటళ్ళు లేక కొందరిని హాస్టల్లో, స్కూల్లో పడుకోబెట్టారు. వేరే విమానం వచ్చి తీసుకెళ్ళేసరికి జూన్ 8 అయింది. మగదాన్ ఎక్కడుందో మ్యాప్‌లో చూడండి. కమ్చాట్కా పక్కన, ఓఖోత్స్క్ సముద్రం ఒడ్డున. నలభై ఏళ్ళ కిందట 007 దాటిన సముద్రం అదే.

2025 ఏప్రిల్‌లో ఆ దెబ్బ నేరుగా మనకే తగిలింది. పహల్గాం దాడి తర్వాత 24న పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకి మూసేసింది, మనమూ వాళ్ళకి మూసేశాం. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే కొన్ని విమానాలు దారి పొడవెక్కి, ఇంధనం కోసం యూరప్‌లో ఆగాల్సి వచ్చింది. ఢిల్లీకి, న్యూయార్క్‌కి మధ్య దూరం ఒక్క మీటరు కూడా పెరగలేదు.

సరే, ఆ రాత్రి సంగతి చెప్పి ముగిస్తాను. పిన్ని పడుకోలేదు. అర్ధరాత్రి దాటాక మళ్ళీ ఫోన్. "ఒరేయ్, బొమ్మ కదలడం లేదు. తెర పైకెళ్ళి ఆగిపోయింది." ధ్రువం దగ్గర విమానాల సిగ్నల్ పట్టుకునే స్టేషన్లు తక్కువ, అందుకే యాప్ ఒక్కోసారి అలా ఆగుతుందని చెప్పాను. నాకు ఆ విషయం అప్పటికి సగమే తెలుసు, కానీ గట్టిగా చెప్పాను. ఫోన్ పెట్టేశాక నేను కూడా నిద్రపోలేదు. యాప్ తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. తెల్లవారుజామున నార్వే పైన పసుపు బొమ్మ మళ్ళీ కదిలింది. స్క్రీన్ షాట్ తీసి పిన్నికి పంపాను. రెండు నీలం టిక్కులు వెంటనే పడ్డాయి.

మన టైమ్ ఏడున్నరకి హెల్సింకీలో దిగాడు. దిగగానే ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక ఫోటో పెట్టాడు, "ఉత్తర ధ్రువం మీదుగా ప్రయాణించారు" అని విమానంలో ఇచ్చిన సర్టిఫికెట్. 1957లో ఎస్‌ఏఎస్ వాళ్ళు ఇచ్చారని చెప్పానే, అలాంటిదే. పిన్ని దాన్ని ప్రింట్ తీయించి టీవీ పక్కన పెట్టుకుంది. వచ్చినవాళ్ళకల్లా చూపిస్తుంది, "మావాడు అంత దూరం తిరిగొచ్చాడు" అని. తిరగాల్సిన అవసరం ఎందుకొచ్చిందో కూడా ఇప్పుడు ఆవిడే చెప్తోంది, నాకంటే బాగా.